నిర్మాల్యం బుట్ట

డిసెంబరు 22, సోమవారం

శనివారం ఉదయం ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. రెండు రోజులుగా అందరూ అడుగుతున్నారు. నోటితో చెప్పబోయినప్పుడల్లా కోపం ముందుకొచ్చి విషయం వెనకబడుతోంది.

మామూలు ధనుర్మాసపు ఉదయం. ఇంకా చీకటి ఉండగానే స్నానం చేసి మడి కట్టుకున్నాను. గడపకు పసుపు రాశాను. బాల్కనీలో తులసి తుంచుతుంటే చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. స్వామికి ముందునాడు పెట్టిన పూలన్నీ తీసి కవరులో వేశాను. కనకాంబరాలు, చామంతులు, వాడిన తులసిమాల. పెసరపప్పు వేయించి చక్కెర పొంగలి చేశాను. ఈసారి నెయ్యి మంచిది దొరికింది. పాశురం చదివేవేళకు తమ్ముడు చలపతి వచ్చి వెనకాల కూర్చున్నాడు. మరదలు కమలిని బడికి డబ్బాలు సర్దుకుంటోంది. వాళ్ళమ్మాయి వేదిక దుప్పటి ముసుగులోంచే "అత్తా, పొంగలి వాసన ఇక్కడిదాకా వస్తా ఉంది" అంది.

ప్రసాదం పెడితే చలపతి "కొంచెం చాలక్కా" అన్నాడు.

"స్వామి ప్రసాదానికి బేరమాడతావట్రా?" అని ఇంకో గరిటె వేశాను. మొత్తం తిన్నాడు.

ఈ నెల మొదలైనప్పటి నుంచి నిర్మాల్యం కవరు కిందికి తీసుకుపోయే పని వాడే పెట్టుకున్నాడు. "మడితో నువ్వెందుకక్కా మెట్లెక్కి దిగేది" అన్నాడు. ఈ వయసులోనైనా వాడికి భక్తి కుదిరిందని లోలోపల సంతోషపడ్డాను.

బాల్కనీలోంచి చూస్తూ నిలబడ్డాను. కింద గోడవారన తొట్లు మూడు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు, ఎర్రది మందులు, సూదులు, గాజుపెంకులకు. వాటికి ఎడంగా, ఇటుకల అరుగు మీద, మూతకు పసుపు బొట్లు పెట్టిన నిర్మాల్యం బుట్ట. అది నేను పట్టుబట్టి పెట్టించింది. స్వామి మెడలో ఉన్న పూలు ఉల్లిపొట్టులో కలవకూడదు. అన్ని ఇళ్ళ పూజపూలూ అందులో వేస్తే, గంగులమ్మ దారాలూ అరటినారలూ చేత్తో ఏరేసి, పూలను వెనక గుంటలో ఎరువుకు వేస్తుంది. మిగతా మూడు తొట్లూ సర్ది మునిసిపాలిటీ బండికి ఎక్కించేదీ ఆమే.

గంగులమ్మ ఎదురొచ్చి చలపతి చేతిలోని కవరు అందుకుంది. వాడేదో అనబోయాడు. దేవస్థానం ఆఫీసు బస్సు హారన్ కొట్టింది. వెళ్ళిపోయాడు.

గంగులమ్మ రబ్బరు తొడుగులు విప్పి, కుళాయి కింద చేతులు కడుక్కుంది. పూలు ముట్టుకునేముందు అలా చేయడం ఆమె అలవాటు. కవరు బుట్టలో గుమ్మరించి రెండు చేతులూ పెట్టింది. అరుపు వినబడింది. చేయి పైకెత్తితే చూపుడువేలికి సూది వేలాడుతోంది, వెనక సన్నటి గొట్టంతో సహా.

సూది. నిర్మాల్యంలో. దాని కోసమే ఎర్ర తొట్టి నాలుగడుగుల దూరంలో ఉండగా, తీసుకొచ్చి స్వామి పూలలో వేసినవాళ్ళను ఏమనాలి?

డిసెంబరు 23, మంగళవారం

సెల్లారులో మీటింగు పెట్టారు. సంఘం కార్యదర్శి శేషసాయి గారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళం నిలబడ్డాం.

"కెమెరా తొట్ల మీదికి తిప్పినాం. బుట్ట మీదికి తిప్పలా. సామి బుట్టకు కాపలా ఏందిలే అనుకుంటిమి" అన్నారు.

"కసువుకేమో కెమెరా, సామికేమో గోవిందా" అన్నాడు మొదటి అంతస్తు ధర్మేంద్ర. నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎర్ర తొట్టిలో వేసే సంచి మీద ఫ్లాటు నెంబరు రాయాలన్నది శేషసాయి గారు పెట్టిన నియమం. దాంతో ఎవరింట్లో ఏ మందు వాడుతున్నారో సాయంకాలానికి అన్ని అంతస్తులకూ తెలిసిపోతుంది.

"మా అమ్మ మాత్రల పేర్లు నాకన్నా మీకే బాగా తెలుసు గద సార్. ఆ భయానికే ఎవురో పూలల్లో దాసినారు" అన్నాడు ధర్మేంద్ర.

"పూజ చేసుకునే ఇంటోళ్ళు ఈ పని చెయ్యరప్పా. పూజ లేని ఇల్లు ఒకటే ఉండాది ఈడ" అని శేషసాయి గారు కింది పోర్షను వైపు చూశారు.

ఆ పోర్షనులో కోమలి అద్దెకు ఉంటుంది. శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని. తలుపు మీద సిలువ గుర్తు. అప్పుడు ఇంట్లో లేదు, షిఫ్టుకు వెళ్ళింది.

"ఏ పొద్దుకో వస్తాది, ఏ పొద్దుకో పోతాది. ఏం పొడుసుకుంటాదో ఎవురు సూసినారు?" అంది పక్కింటి లోకేశ్వరి.

ఇంటి ఓనరుకు ఫోన్ చేసి నెలాఖరుకు ఖాళీ చేయించాలని తేల్చారు.

నేనూ తలూపాను. జరిగింది చిన్న తప్పు కాదు.

డిసెంబరు 24

గంగులమ్మ రాలేదు. తడి చెత్తలో పాల కవర్లు. పొడి చెత్తలో సాంబారు. అందరూ చదువుకున్నవాళ్ళే.

డిసెంబరు 26, శుక్రవారం

కొర్లగుంటలో గంగులమ్మ ఇంటికి వెళ్ళాను. ఒకటే గది. మంచం పక్కన బక్కెట్టు.

"రాండమ్మా. ఈడ కూసోండి. అయ్యో, మడి గదా మీకు."

"ఇప్పుడు మడేమీ లేదు" అని మంచం అంచున కూర్చున్నాను. మనిషి సగమైంది.

"మాత్ర మింగితే సాలు, పేగులు నోట్లోకి వస్తాండాయి. సంగటి ముద్ద సూస్తేనే కడుపు తిప్పతాది."

"ఎన్నాళ్ళు మింగాలన్నారు?"

"నెలంట. ఆ పెద్ద జబ్బు అంటుకోకుండా. డాక్టరమ్మ ఏమనిందంటే, ఆ సూది ఎవురిదో ఆ మనిసిని తోడుకోని రా, వాళ్ళ రగతం సూస్తా, ఏం లేదంటే ఆ దినమే మాత్రలు నిలిపేస్తా అనింది. నేను యాడికని పొయ్యేదమ్మా? పెద్దోళ్ళ తలుపులు తట్టి, సామీ మీదేనా సూది అని అడిగేదానికయితాదా?"

నీళ్ళు తాగి చెంబు మంచం కింద విడిగా పెట్టింది.

"మా ఇంటాయన నాకు తట్ట, చెంబు వేరే పెట్టినాడు. నేను ముట్టింది ముట్టడు." కాస్త నవ్వింది. "మీ మడి నాకొచ్చి పడిండాది సూడండమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి వచ్చి, ఇది నాది అని ఒక్క మాట అంటే ఈమె ఈ రోజే అన్నం తింటుంది. ఆ ఒక్క మాటకు నోరు రాని మనిషి మా కప్పు కిందే, రోజూ దీపం పెట్టుకుని, హారతి కళ్ళకద్దుకుని తిరుగుతున్నాడు.

లేవబోతూ "తొడుగులు వేసుకుని ఉంటే ఇంత జరిగేది కాదు కదా గంగులమ్మా" అన్నాను.

నా వంక చూసింది. "మీరే గదమ్మా వద్దంటిరి. కసువు ముట్టిన తొడుగుతో సామి పూలు ముట్టగూడదంటిరి."

నేను అలా అన్నట్టు గుర్తు లేదు.

ఇంట్లో భోజనాల దగ్గర ఆమె పరిస్థితి చెప్పాను. చలపతి అన్నం సగంలో లేచి చేయి కడుక్కున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడి మనసు అంతే, మెత్తన.

డిసెంబరు 27, శనివారం

ఉపవాసం. అయినా ఇవాళ ప్రతి తలుపూ తట్టాను. "మీ ఇంట్లో సూదిమందు వాడేవాళ్ళున్నారా? ఒక్కసారి ఆసుపత్రికి వచ్చి రక్తం ఇస్తే చాలు. పేరు బయటికి రానివ్వను" అని అడిగాను.

లోకేశ్వరి "మా ఇంట్లో గుండుసూది గూడా లేదక్కా" అంది. తలుపు సగమే తీసింది.

ధర్మేంద్ర "మా అమ్మది నెంబరుతో సహా ఎర్ర తొట్టిలోనే వేస్తాండాం పెద్దమ్మా. అయినా కావాలంటే అమ్మను తోడుకోని వస్తా, రక్తందేముంది" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ అబ్బాయిని వెటకారం మనిషి అనుకున్నాను.

శేషసాయి గారు కాఫీ ఇప్పించారు. తాగలేదు.

"మీకెందుకమ్మా ఈ శ్రమ. ఎవరో తేలిపోయింది గదా. గంగులమ్మ బదులు వేరే మనిషిని గూడా చూస్తా ఉండా."

"బదులెందుకు?"

"రోగిష్టి మనిషిని తొట్ల కాడ ఎట్ల పెట్టుకునేది?"

"ఆమెకు రోగం లేదు. మన ఇళ్ళలోంచి పోయిన సూదికి ఆమె మందు మింగుతోంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లోపలి నుంచి ఆయన భార్య తొంగిచూసింది.

చివరికి కోమలి తలుపు. అప్పుడే షిఫ్టు నుంచి వచ్చినట్టుంది, కంపెనీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

"రాండి ఆంటీ. ఖాళీ చెయ్యమని చెప్పేదానికా?"

అందరినీ అడిగినట్టే అడిగాను. కోపం తెచ్చుకోలేదు. జడ ముడి వేసుకుంటూ చెప్పింది.

"మేం ఇంట్లో దిగిన దినమే మీరు చెప్పినారు, ఆ బుట్ట పూజపూలకు మాత్రమే, మీరు దాని పక్కకు రావొద్దు అని. ఆ పొద్దు నుంచి దాని కాడ చెప్పులు గూడా విడవలే ఆంటీ. మరి నేనెట్ల వేస్తాను సూది?"

జడ ముడి బిగించి నా వైపు తిరిగింది.

"గంగులమ్మకు దినామూ గంజి కాసి ఇచ్చేసి బస్సెక్కుతా ఉండా. ఇన్ని ఇండ్లల్లో ఎవురన్నా పోయినారా?"

"నేను వెళ్ళాను."

"మంచిది ఆంటీ. అందరిండ్లూ అడిగినారు. మీ ఇంట్లో అడిగినారా?"

ఎంత మాట! మూడు తరాలుగా స్వామి సేవలో ఉన్న ఇల్లు మాది. చిన్నపిల్ల, తెలియక అంది. మెట్లెక్కుతూ మూడో అంతస్తు దాకా అదే అనుకున్నాను. తెలియక అంది.

డిసెంబరు 28

మా ఇంట్లో అడగాల్సిన అవసరం లేదు.

డిసెంబరు 29, సోమవారం

మా ఇంట్లో అడగాల్సిన అవసరం లేదు. కారణాలు ఉన్నాయి.

చలపతికి షుగరు ఉన్నమాట నిజం. రెండేళ్ళ కిందట డాక్టరు సూదులు మొదలుపెట్టాలన్నాడు. నేనే వద్దన్నాను. ఒకసారి సూది ఎక్కిందంటే మనిషి దానికే కట్టుబడిపోతాడని భయపడ్డాను. శనివారాలు ఉపవాసం ఉంటానని స్వామికి మొక్కుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే తగ్గింది. "ఎలా ఉందిరా?" అంటే "నీ పారాయణ పుణ్యమక్కా, నార్మల్" అంటాడు. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాడు.

ఆ ఉదయం బుట్టలో మా పూలొక్కటే లేవు. అందరి పూలూ ఉన్నాయి.

ఆ రోజు నుంచి నిర్మాల్యం కవరు నేనే తీసుకుపోతున్నాను. చలపతికి నడుము పట్టేసిందట.

పాశురం మధ్యలో రెండుసార్లు తప్పాను. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేదు.

డిసెంబరు 30, ముక్కోటి ఏకాదశి

తెల్లవారకముందే గుడికి వెళ్ళి ఉత్తర ద్వార దర్శనం చేసుకుని వచ్చాం. ఊరంతా రోడ్ల మీదే ఉంది. ఇవాళ పొంగలి లేదు. పెద్దవాళ్ళం ముగ్గురం ఉపవాసం. నివేదనకు పంచామృతం కలిపి గిన్నె స్వామి ముందు పెట్టాను.

వెనక ఏదో పడిన చప్పుడు. తిరిగి చూస్తే చలపతి గోడకు జారగిలబడి ఉన్నాడు. ఇంత చలిలో చొక్కా తడిసిపోయింది. పెదవులు వణుకుతున్నాయి.

"అక్కా, బస్సు పోయిందా?" అన్నాడు. ఇవాళ ఆఫీసుకు పోయే పనే లేదు. మళ్ళీ "బస్సు పోయిందా?" అన్నాడు.

కమలిని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వాడి చుబుకం పట్టుకుని ఊపింది.

"సూది వేసుకున్నారా? వేసుకుని ఏం తినలేదా?"

వాడు ఆమెను చూడలేదు. నన్ను చూశాడు. "ఏకాదశి గదా" అన్నాడు.

"వదినా, తీపి! ఏదో ఒక తీపి పెట్టండి, బిరీన!"

చేతికందింది పంచామృతం గిన్నె. ఇంకా నివేదన కాలేదు. తీసుకున్నాను. ఒడిలో తల పెట్టుకుని వేలితో తేనె, చక్కెర వాడి నోట్లో పెడుతూ పోయాను. చిన్నప్పుడు అమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో వాడికి ఇలాగే తినిపించేదాన్ని. గిన్నె సగమయ్యేసరికి కళ్ళు నిలిచాయి. చెమట ఆరింది.

వేదిక ఏడుస్తూ నిలబడింది. "నాయనా, అత్తకు చెప్పెయ్ నాయనా" అంది.

అంటే దానికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

చలపతి కూర్చుని, గోడను చూస్తూ చెప్పాడు. ఏడాదిగా సూదులు వాడుతున్నాడు. ఆఫీసులో వేసుకుని, పక్కనున్న ఆసుపత్రి సూదుల డబ్బాలోనే పడేసేవాడు. ధనుర్మాసం వచ్చేసరికి, తెల్లారీ తెల్లారకముందే నేను పొంగలి పెడతాను కాబట్టి, దానికి ముందే ఇంట్లో వేసుకోవాల్సి వచ్చింది.

"పొంగలి వద్దంటే నువ్వు ఊరుకోవు. ఎందుకురా అంటావు. ఏం చెప్పేది? నీ మొక్కు చెల్లలేదని చెప్పేదా?"

"ఎర్ర తొట్టి ఉందిగా?"

"నెంబరు రాయాల. శేషసాయి చదవతాడు. మధ్యాహ్నానికి నీ చెవిన పడతాది." చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "ఈ ఇంట్లో నువ్వు ఒకసారి ముడేసినాక మళ్ళీ విప్పనిది పూల కవరు ఒకటే అక్కా. సూది దాంట్లో దూర్చి కిందికి తెచ్చి, మెట్ల కింద తీసి జేబులో వేసుకునేవాణ్ణి. ఆ పొద్దు ఆమె ఎదురొచ్చి, ఇయ్యి సామీ అని చేతిలో నుంచి తీసేసుకునింది. సూది మూత ఎప్పుడు ఊడిందో ఏమో."

"పది రోజులు ఆ మనిషి కక్కుకుంటూ ఉంటే, పక్కన కూర్చుని అన్నం తిన్నావు."

"తినలేదక్కా" అన్నాడు. అది నిజమే. తినలేదు.

కోపం వాడి మీద అలాగే ఉంది, పోలేదు. కమలిని వైపు తిరిగాను. "నువ్వైనా చెప్పొచ్చు కదా?"

"చెప్పనిచ్చినారా వదినా ఎప్పుడైనా?" అంది. కళ్ళు తుడుచుకోకుండానే అంది. "షుగరు ఎంతుంది అని మీరు అడగరు. తగ్గింది కదా అని అడుగుతారు. తగ్గలేదని ఎవరు చెప్పగలరు మీకు?"

ఆ మాటతో తొడుగుల సంగతి గుర్తొచ్చింది.

చెప్పాను. గంగులమ్మకు నేనే చెప్పాను. బుట్ట పెట్టించిన కొత్తలో, కుళాయి దగ్గర నిలబడి, "ఆ తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని ముట్టుకో" అన్నాను. ఆమె "సరేనమ్మా, సామి పూలు గదా" అంది. చలువరాయి మీద నీళ్ళు చిందడం కూడా గుర్తుంది. మొన్న గుర్తు లేదని ఇదే పుస్తకంలో రాశాను.

చెత్త ముట్టిన చేతికి తొడుగు, స్వామి పూలు ముట్టే చేతికి సూది. ఏ శాస్త్రం చెప్పింది నాకు?

మధ్యాహ్నమైంది. చలపతికి అన్నం పెట్టాను. ఏకాదశి అని ఎవరూ అనలేదు.

సాయంకాలం దీపం పెట్టాక నలుగురం హాల్లో కూర్చున్నాం.

కమలిని అంది, డాక్టరుకు చెబుదాం, గంగులమ్మకు చెబుదాం, అపార్టుమెంటులో మాత్రం వద్దు. దేవుడి ఆఫీసులో పనిచేసే మనిషి నిర్మాల్యంలో సూది వేశాడంటే ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో అని భయం. ఆ భయం నాకూ ఉంది. లేదని రాయను.

"కోమలక్క మాట ఎక్కడెక్కడికి పోయిందో చూసినావు గదమ్మా" అంది వేదిక. "రేపటికి ఇల్లు ఖాళీ చెయ్యాల ఆ యక్క. చెయ్యని పనికి."

చలపతి లేచి నిలబడ్డాడు. "నేనే చెప్తాను. అందరి ముందరా చెప్తాను" అన్నాడు.

చివరికి తేల్చుకున్నది ఇది. రేపు పొద్దున్నే చలపతి కొర్లగుంట వెళ్ళి, గంగులమ్మకు చెప్పి, ఆమె తిట్టినన్ని తిట్లూ విని, ఆమెతో పాటు ఆసుపత్రికి పోయి రక్తం ఇస్తాడు. పోయేముందు శేషసాయి గారి తలుపు తట్టి సూది నాది అని చెబుతాడు, కోమలి ఇంటి ఓనరుకు ఆయన చేతే ఫోన్ చేయిస్తాడు. కోమలి దగ్గరికి నేను వెళతాను. ఆ అమ్మాయికి చెప్పాల్సిన మాటలు వేరే ఉన్నాయి, అవి నావి. సూదులు ఇక ఎర్ర తొట్టిలోనే, సంచి మీద మా నెంబరుతో. పొంగలి స్వామికి. చలపతికి డాక్టరు ఎంతంటే అంత, వద్దంటే వద్దు.

గంగులమ్మ లేచి తిరిగేదాకా ఆమె బదులు వేరే మనిషిని పెట్టనివ్వం. ఆమె పని మా ఇల్లే చేస్తుంది. తడి, పొడి తొట్లు కమలిని, వేదిక చూసుకుంటారు. ఎర్ర తొట్టి చలపతిది. నిర్మాల్యం బుట్ట నాది.

తొడుగులు వేసుకునే ఏరుతాను. ఆమె తిరిగొచ్చిన రోజు ఆమె చేతికీ నేనే తొడుగుతాను, పూల దగ్గర.